రెజ్యూమే పంపే ముందు ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి

మొన్న ఆదివారం మా పై గదిలో కొత్తగా దిగిన కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి వచ్చాడు. "అన్నా, 80 చోట్ల అప్లై చేశాను. ఒక్క ఫోనూ రాలేదు. మార్కెట్ బాలేదంటావా?" అన్నాడు. ఫైలు తెరిచి చూశాను. ఎడమ పక్కన ముదురు నీలం పట్టీ, అందులో ఫోటో, ఫోటో కింద జావాకి నాలుగు చుక్కలు, పైథాన్‌కి మూడున్నర. చూడగానే నాకు పాత రోజులు గుర్తొచ్చి కడుపులో తిప్పింది. విదేశానికి, అంటే ఇక్కడికి, వచ్చిన కొత్తలో నేనూ అచ్చం ఇలాంటిదే తయారు చేసుకుని, నాలుగు నెలలు ఫోను వంక చూస్తూ కూర్చున్నాను.

మార్కెట్ సంగతి తర్వాత. ముందు ఆ వర్డ్ ఫైలులో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయమన్నాను. చేశాడు. మొదటి లైను "కరిక్యులమ్ వీటే". నీలం పట్టీ టెక్స్ట్ బాక్స్ కాబట్టి అందులోని స్కిల్స్ మొత్తం మాయం. కంపెనీ పేర్లు ఒకచోట, తేదీలు ఇంకోచోట. పేరు, ఫోన్, ఈమెయిల్ అసలు లేనే లేవు, అవన్నీ పేజీ హెడర్‌లో ఉన్నాయి. కుర్రాడు నోరు తెరిచాడు.

జరిగేది ఇదే. చాలా కంపెనీల్లో మీ రెజ్యూమే మొదట చేరేది మనిషి దగ్గరికి కాదు, ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అనే సాఫ్ట్‌వేర్‌లోకి. అది ఫైలులోంచి అక్షరాలు లాగి పేరు, ఫోన్, కంపెనీ, తేదీలు అంటూ గడులు నింపుకుంటుంది. రిక్రూటర్ ఆ గడులు చూస్తారు, కావలసిన మాట కొట్టి వెతుకుతారు. హెడర్లు, టెక్స్ట్ బాక్సులు, బొమ్మలు చదవడంలో కొన్ని సాఫ్ట్‌వేర్లు తప్పులో కాలేస్తాయి. ఇక నాలుగు చుక్కలంటే ఎంత వచ్చినట్టో మనిషికే తెలియదు, దానికేం తెలుస్తుంది?

నాకు ఇది ఎలా తెలిసిందంటే, తెలిసినవాళ్లు సిఫార్సు చేస్తే ఒక రిక్రూటర్ నాతో మాట్లాడింది. "మీరు ఇంతకుముందు కూడా అప్లై చేశారు కదా, కానీ ఫోన్, ఈమెయిల్ గడులు ఖాళీగా ఉన్నాయి" అంది. నాలుగు నెలలండీ! అప్పటినుంచి ఎవరు రెజ్యూమే పంపినా చదవడానికి ముందు నోట్‌ప్యాడ్‌లో పడేస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. అక్కడ పై నుంచి కిందికి వరసగా, అర్థమయ్యేలా వస్తే చాలు. ఒకే కాలమ్, మామూలు ఫాంట్, పేరు, ఫోన్ పేజీ లోపలే. స్కాన్ చేసిన పీడీఎఫ్ అసలు పంపకండి, అది అక్షరాలు కాదు, ఫోటో.

ఇంకో తెలివి కూడా చూశాను. ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ తెల్లరంగులో దాచిపెట్టడం. నోట్‌ప్యాడ్‌లో అవి నల్లగానే వస్తాయి, రిక్రూటర్‌కీ అలాగే కనిపించొచ్చు. ప్రకటనలో అడిగింది మీకు నిజంగా వచ్చి ఉంటే, వాళ్లు వాడిన మాటతోనే బాహాటంగా రాయండి.

పుట్టిన తేదీ, నాన్నగారి పేరు, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు, చివర్లో "ఐ హియర్‌బై డిక్లేర్", అన్నీ తీసేయండి. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో ఫోటో కూడా పెట్టరు. వివక్ష చట్టాల గొడవ కంపెనీలకెందుకు? అమెరికాలో 40, ఆపై వయసున్నవాళ్ల మీద వయసు చూసి వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం చేశారు. జర్మనీలో మాత్రం ఇప్పటికీ చాలామంది ఫోటో పెడతారు. తేదీ 03/04/2022 అని రాస్తే అమెరికావాడికి మార్చి, బ్రిటన్‌వాడికి ఏప్రిల్, కాబట్టి నెల పేరు రాయండి. లక్షలు, కోట్లు మిలియన్లలోకి మార్చండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటే ఇక్కడివాళ్లకు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారని అర్థం. నవ్వకండి, నా దాంట్లోనూ ఉండేది.

ఇక అసలు పని గురించి. కుర్రాడి రెజ్యూమేలో "రెస్పాన్సిబుల్ ఫర్ రిపోర్ట్స్" అని ఉంది. ఏం చేసేవాడివి అని అడిగాను.

"ప్రతి సోమవారం అమ్మకాల రిపోర్టు అన్నా. ముగ్గురం కూర్చుని చేత్తో చేసేవాళ్లం, ఆరు గంటలు పట్టేది. తర్వాత నేనో స్క్రిప్ట్ రాశాను, 20 నిమిషాల్లో అయిపోయేది."

"మరి అది రాయలేదేం?"

"చిన్నదే కదన్నా. అయినా టీమ్‌లో అందరం ఉన్నాం, నేనొక్కణ్నే చేశానని ఎలా రాస్తాం?"

నాకు ఒళ్లు మండింది. స్క్రిప్ట్ రాసింది నువ్వైతే నువ్వనే రాయాలి కదా! వారం వారం ఆరు గంటల పని 20 నిమిషాలకు తెచ్చానని ఒక్క లైను. రిక్రూటర్ ఆగేది అక్కడే. పక్కవాడి పని మాత్రం మీ ఖాతాలో వేసుకోకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

సరే, ఇంత తిట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 80 చోట్ల నుంచి జవాబు రాలేదంటే మీకు పని రాదని కాదు. కొన్నిచోట్ల ఖాళీ అప్పటికే నిండిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల పని అనుమతి ప్రశ్న దగ్గరే వడపోత అయిపోతుంది, ఇంకొన్నిచోట్ల ఫైలు ఎవరూ తెరిచే ఉండరు. ఫైలు సరిచేసుకున్నాక కూడా నాకు మరో రెండు నెలలు పట్టింది. కానీ ఫోన్లు వచ్చాయి. ఒప్పుకోవాలి, ఆ వయసులో నాకున్న అనుభవం కంటే ఈ కుర్రాడిదే మెరుగ్గా ఉంది.

ఆ రాత్రి పదకొండుకి కొత్త ఫైలు పంపాడు. అలవాటుగా నోట్‌ప్యాడ్‌లో వేశాను. మొదటి లైను పేరు, రెండోది ఫోన్ నంబరు. బాగుంది అనుకుంటూ నా ఫోన్‌లో ఉన్న అతని నంబరుతో సరిపోల్చాను. ఒక అంకె తక్కువ.