మాలర్ పాటలు, మొదటి సింఫనీ: ఒకే రికార్డింగును వినే పద్ధతి

ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ 1884–85 ప్రాంతంలో రాసిన నాలుగు జర్మన్ పాటలను, 1889లో బుడాపెస్టులో తొలిసారి వినిపించిన ఆయన మొదటి సింఫనీతో (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద కృతితో) కలిపి ఒకే సీడీగా తేవడం రికార్డింగు సంస్థలకు పరిపాటి. రఫాయెల్ కూబెలిక్ కండక్టరుగా బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రా వాయించగా, డీట్రిష్ ఫిషర్-డీస్కావ్ పాడిన సీడీ కొత్తవారికి నిశ్చింతగా సిఫారసు చేయదగినది. సింఫనీ ముందున్నప్పటికీ పాటలనే ముందుగా వినాలి. ఎందుకంటే వాటి వరుసలే (ట్యూన్లే) సింఫనీలో మళ్లీ ఎదురవుతాయి.

పాటల భావాన్ని ముందే చదివి పెట్టుకోవాలి. ప్రియురాలికి మరొకరితో పెళ్లి కావడంతో ఊరు విడిచిపోయిన యువకుడి వేదన అది. రెండో పాటలో అతడు ఉదయాన పొలాల మీదుగా నడుస్తాడు. నెల్లూరులోనో ఒంగోలులోనో త్యాగరాజ ఆరాధనలకు వెళ్లి చెవిని సాధన చేసుకున్నవారికి ఈ వరుస సులభంగానే చిక్కుతుంది: షడ్జం నుంచి మంద్ర (కింది స్థాయి) పంచమానికి దిగి, తిరిగి షడ్జం చేరి, శంకరాభరణ స్వరాల మీదుగా పైకి సాగుతుంది. గమకాల (స్వరాన్ని ఊపే అలంకారాల) కోసం మాత్రం వెదకకూడదు. వరుస కూనిరాగంగా నోటికి వచ్చాకే సింఫనీ మొదలుపెట్టడం మంచిది.

సింఫనీ ఆరంభంలో తీగవాద్యాలు ఒకే స్వరాన్ని ఏడు స్థాయిల్లో (ఆక్టేవుల్లో) అతి సన్నగా నిలిపి ఉంచుతాయి. ఫ్యాను చప్పుడులో అది వినబడదు. మన ఎండాకాలంలో ఫ్యాను ఆపడం సాహసమే గనుక తెల్లవారుజామున గానీ, మంచి హెడ్‌ఫోన్లతో గానీ వినాలి. కొంతసేపటికి క్లారినెట్ అనే ఊదే వాద్యం కోకిలలా కూస్తుంది. ఆ కూత కూడా షడ్జం నుంచి పంచమానికి దిగడమే. అందులోంచే చెల్లోలు (వయొలిన్ జాతి పెద్ద తీగవాద్యాలు) రెండో పాట వరుసను ఎత్తుకుంటాయి.

మూడో భాగం శవయాత్ర నడక. డబుల్ బాస్ (బాగా కింది స్వరాల పెద్ద తీగవాద్యం) ఒంటరిగా ఒక ఫ్రెంచి పిల్లల పాటను, అంతర గాంధారం ఉండవలసిన చోట దానికంటే ఒక మెట్టు కిందిదైన సాధారణ గాంధారంతో, దిగులుగా వాయిస్తుంది. ఫోను స్పీకరులో ఇది దాదాపు మాయమవుతుంది. ఆ నడక మధ్యలో హార్ప్ తోడుగా నాలుగో పాట చివరి వరుస, యువకుడు లిండెన్ చెట్టు కింద నిద్రలో సేదదీరే ఘట్టం, మెల్లగా వస్తుంది.

మూడో భాగం ముగిసిన నిశ్శబ్దంలోనే, విరామం లేకుండా, నాలుగోది సింబల్స్ (పెద్ద తాళాల) మోతతో విరుచుకుపడుతుంది. కాబట్టి ముందుగా ఆ చోటును ఒకసారి పెట్టి చూసి, చెవి భరించగలిగినంతకు వాల్యూము సరిచేసుకుని, ఆపైన మొదటికి వెళ్లాలి. యాప్‌లో వినేవారు ట్రాకుల మధ్య క్రాస్‌ఫేడ్ (ఒకదాని చివరను తర్వాతిదానిలో కలపడం), షఫుల్ (వరుస మార్చి వాయించడం) రెండింటినీ ఆపివేయాలి.