మ్యూజియానికి వీలునామా రాసేముందు

ఇంట్లోని తాళపత్రాలో, నిజాం కాలం నాణేలో, ముత్తాత నాటి ఇత్తడి విగ్రహమో నల్గొండ దగ్గరి పానగల్లు మ్యూజియానికో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మ్యూజియానికో ఇవ్వాలనుకుంటే, ముందు అక్కడికి వెళ్లి అడగండి. మీరు ఇచ్చారని తీసుకుని తీరాలన్న నియమం ఏదీ లేదు. చోటు లేదనో, అలాంటివి ఇప్పటికే ఉన్నాయనో వద్దనవచ్చు.

వస్తువు మీదేనా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. పొలం దున్నుతుంటే బయటపడ్డ నాణేల బిందెను వీలునామాలో రాయడానికి లేదు. నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన రాతి, లోహ విగ్రహాలకైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ చేసే అధికారికి తెలియజేయాలి. గుడి సొత్తు మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన మీది కాదు.

ఈ రెండు మ్యూజియాలూ రాష్ట్ర హెరిటేజ్ శాఖవి. ‘పానగల్లు మ్యూజియానికి’ అని ఊరుకోకుండా ‘తెలంగాణ ప్రభుత్వ హెరిటేజ్ శాఖకు, పానగల్లు మ్యూజియంలో ఉంచేందుకు’ అని రాయండి. వస్తువు కొలతలు, బరువు, గుర్తులు రాసి ఫొటో జతచేయండి. ‘మా పాత విగ్రహం’ అంటే, ఇంట్లో రెండుంటే తగాదా అక్కడే మొదలవుతుంది. ‘ఎప్పటికీ అద్దాల పెట్టెలోనే పెట్టాలి’ లాంటి షరతులు వద్దు, వాటివల్లే వద్దంటారు. మ్యూజియం కాదంటే ఎవరికి పోవాలో కూడా ఒక్క వాక్యం రాయండి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం చేయాలి, మీ ఎదుటే వాళ్లూ చేయాలి. రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే కనుక మీకన్నా వయసులో చిన్నవాళ్లను, వారసులు కానివాళ్లను పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే కాగితం పోయిందన్న గొడవ ఉండదు. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోను మూడో వంతు వరకే ఇవ్వగలరు.

డిపాజిట్ డబ్బు ఇచ్చేవాళ్లు పొరబడేది నామినీ దగ్గర. నామినీగా కొడుకు ఉంటే బ్యాంకు అతనికే ఇస్తుంది, కానీ అంతమాత్రాన ఆ డబ్బు అతనిది కాదు. దాన్ని మ్యూజియానికి చేర్చాల్సింది ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాను అమలు చేయడానికి మీరు అందులో పేరు రాసిన వ్యక్తి. అందుకే ఎగ్జిక్యూటర్ పేరు తప్పక రాయండి, వీలునామా ఎక్కడుందో ఆయనకు చెప్పండి.

ఈలోగా ఆ వస్తువును మీరే అమ్మేస్తే ఆ దానం పోయినట్టే, బదులుగా డబ్బు వెళ్లదు.