సికిల్ సెల్ ఉన్నవారికి యూడీఐడీ కార్డు: దరఖాస్తు ఆగిపోయేది ఎక్కడ?

యూడీఐడీ అంటే దివ్యాంగులకు ఇచ్చే విశిష్ట గుర్తింపు కార్డు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి కూడా ఉంది. తలసీమియా, హీమోఫిలియా కూడా ఉన్నాయి. అయినా ‘కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా’ అని కౌంటరు దగ్గరే తిప్పి పంపడం ఆగలేదు. అలా అంటే చట్టం పేరు చెప్పి నిలబడండి. అది దాటినవారిని వైకల్యాన్ని ధ్రువీకరించే వైద్య బోర్డు దగ్గర ఆపేది మాత్రం ఒక రక్తపరీక్ష నివేదిక.

దరఖాస్తులో పెద్ద పని లేదు. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో వివరాలు నింపి, ఆధార్, ఆరు నెలల లోపు తీసిన ఫొటో, చిరునామా రుజువు జతచేయాలి. మీ జిల్లా ఆసుపత్రినైనా, చికిత్స పొందుతున్న ఆసుపత్రినైనా ఎంచుకోవచ్చు. రుసుము లేదు. ఆధార్‌లో పేరు, ఆసుపత్రి కాగితాల్లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఇక ఆ నివేదిక సంగతి. గ్రామంలోనో పాఠశాలలోనో జరిగిన పరీక్షలో వచ్చిన ‘సికిల్ పాజిటివ్’ చీటీ పట్టుకుని చాలామంది బోర్డుకు వస్తారు. అది తొలి వడపోత మాత్రమే. వ్యాధి ఉన్నవారికీ, వాహకులకూ (సికిల్ జన్యువు ఒకటే ఉండి, వ్యాధి లేనివారికి) అందులో ఒకే ఫలితం వస్తుంది. వాహకులకు వైకల్య ధ్రువపత్రం ఇవ్వరు. తేడా తేల్చేది రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, లేదా హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్. బోర్డు అడిగేది ఆ కాగితాన్నే.

వేసవిలో ఇక్కడే మెలిక పడుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి, రక్తనాళాల్లో అడ్డుపడి, భరించలేని నొప్పులు తెస్తాయి. సికిల్ సెల్ ఉన్నవారి మూత్రపిండాలు నీటిని సరిగా నిలుపుకోలేవు కాబట్టి ఎండ వారిని త్వరగా పడగొడుతుంది. ఆసుపత్రిలో చేరతారు, కొందరికి రక్తం ఎక్కిస్తారు. ఇంటికి వచ్చాక ‘ఇకనైనా కార్డు తీసుకుందాం’ అని కుటుంబం కదులుతుంది, ఆ వారమే హెచ్‌పీఎల్‌సీ చేయిస్తుంది. అప్పుడు ఆ నమూనాలో దాత రక్తం కలిసి ఉంటుంది. సాధారణ రకమైన హిమోగ్లోబిన్ ‘ఎ’ పెరిగి, సికిల్ రకమైన ‘ఎస్’ తగ్గి, వ్యాధి ఉన్న మనిషి కాగితం మీద వాహకుడిలా కనిపిస్తాడు. బోర్డు తిరస్కరిస్తుంది. కాగితాన్ని బట్టి చూస్తే వారి తప్పూ లేదు.

కాబట్టి రక్తం ఎక్కించక ముందు చేసిన పాత నివేదిక కోసం వెతకండి. అది పోయి ఉంటే, పరీక్ష చేసిన ఆసుపత్రిలోనే నకలు అడగండి. అసలెప్పుడూ చేయించకపోతే, చివరిసారి రక్తం ఎక్కించాక కనీసం మూడు నెలలు ఆగి చేయించాలి. అంతకాలం ఆగలేనివారు, తరచూ రక్తం ఎక్కించుకునేవారు డీఎన్‌ఏ పరీక్ష గురించి వైద్యుడిని అడగాలి. దాత రక్తం ఆ ఫలితాన్ని మార్చదు. ఎప్పుడు రక్తం ఎక్కించారో తెలిపే డిశ్చార్జి పత్రాలన్నీ వెంట తీసుకెళ్లండి.

బోర్డు రోజున ఎండలో వరుసలో నిలబడకండి. ఒకరు వరుసలో ఉంటే రోగి నీడలో కూర్చోవచ్చు. నీళ్ల సీసా, రోజూ వేసుకునే మందులు వెంట ఉండాలి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయడం చాలామంది చేసే పని, అదే ప్రమాదం. జ్వరం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే బోర్డు సంగతి వదిలేసి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. తేదీ మళ్లీ దొరుకుతుంది.

‘నలభై శాతం నేను వేయిస్తాను’ అనే మనిషి గేటు దగ్గరే కనిపిస్తాడు. వైకల్య శాతం నిర్ణయించేది వైద్యులు, అతను కాదు. అనేక పథకాలకు 40 శాతం గీటురాయి కాబట్టే ఆ మాట అమ్ముడుపోతోంది. నొప్పులతో ఎన్నిసార్లు చేరారో, రక్తం ఎన్నిసార్లు ఎక్కించారో చూపే కాగితాలే మీకు పనికొస్తాయి. తిరస్కరిస్తే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలని చట్టంలోని 58వ సెక్షన్ అంటోంది. నోటిమాటతో వెనుదిరగకండి. 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లాలంటే ఆ కాగితం చేతిలో ఉండాలి.

తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తే గడువు తేదీ చూసుకోండి. అది ఏప్రిల్, మే నెలల్లో పడితే పునరుద్ధరణకు చలికాలం చివరిలోనే దరఖాస్తు పెట్టండి.