చిత్తడి నేలల గ్రాంటుకు వాటా సొమ్ము కూర్చుకోవడం ఎలా?

అమెరికాలో వలస పక్షులు ఆధారపడే చిత్తడి నేలలను కాపాడేందుకు, ఉత్తర అమెరికా చిత్తడి నేలల సంరక్షణ చట్టం (1989) కింద కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ వన్యప్రాణి సంస్థ అయిన ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ గ్రాంట్లు ఇస్తుంది. ఆ గ్రాంటులోని ప్రతి డాలరుకూ కనీసం మరో డాలరును భాగస్వాములు ఫెడరల్ ఖజానాతో సంబంధం లేని సొమ్ము నుంచి చూపాలి. అందువల్ల దరఖాస్తు రాయడానికి కూర్చునే ముందే ఆ వాటా ఎవరిదో, ఎంతో, ఎప్పటికి చేతికందుతుందో తేల్చుకోవాలి.

ఏ సొమ్ము లెక్కకు వస్తుందన్నదే అసలు చిక్కు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ వేట లైసెన్సుల రుసుము నుంచి ఇచ్చేది చెల్లుతుంది. అదే శాఖ 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద కేంద్రం నుంచి పొంది ఇచ్చేది చెల్లదు. చేతులు మారినా అది ఫెడరల్ సొమ్మే. మరో ఫెడరల్ గ్రాంటుకు ఇప్పటికే వాటాగా చూపినదాన్ని మళ్లీ చూపకూడదు. మరోచోట చిత్తడి నేలను పాడుచేసినందుకు బదులుగా చట్టం ప్రకారం ఎలాగూ చేయవలసిన పునరుద్ధరణ పనులూ లెక్కలోకి రావు.

వాటా అంతా నగదుగానే ఉండనక్కరలేదు. ఉదాహరణకు, అర్హత గల మదింపుదారు 1,60,000 డాలర్లు విలువకట్టిన మడుగు భూమిని ఒక రైతు మీ సంఘానికి 1,00,000 డాలర్లకే అమ్మితే, ఆయన వదులుకున్న 60,000 డాలర్లను వాటాగా చూపవచ్చు. గ్రాంటులోని 1,00,000 డాలర్లు కొనుగోలుకు పోతాయి కనుక, దానికి సమానమైన వాటాలో మిగిలిన 40,000 డాలర్లను గట్లు సరిచేసే, గడ్డి విత్తే పనుల కింద ఇతర భాగస్వాములు భరిస్తే లెక్క సరిపోతుంది. మదింపు నివేదిక లేకుండా ఆ 60,000 చూపడం వృథా ప్రయాస.

ప్రతి భాగస్వామి నుంచీ సంతకంతో కూడిన లేఖ తీసుకోవాలి. "మీ పనికి మా పూర్తి మద్దతు" అనే లేఖ మర్యాదకు బాగుంటుంది గానీ వాటాకు పనికిరాదు; ఎంత మొత్తం, నగదా, భూమా, శ్రమా, ఏ పనికి, ఎప్పుడు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. స్వచ్ఛంద సేవకుల శ్రమకు అదే పనికి స్థానికంగా ఇచ్చే కూలి రేటు కట్టి, తేదీ, గంటలు, చేసిన పని, సంతకం ఉన్న హాజరు పట్టీని మొదటి రోజు నుంచే రాయించాలి. తర్వాత గుర్తుచేసుకుని రాసిన పట్టీ తనిఖీలో నిలవదు.

ఫెడరల్ గ్రాంట్లు కోరే సంస్థలు నమోదు కావలసిన ప్రభుత్వ వెబ్‌సైటు శామ్ డాట్ గవ్ (SAM.gov)లో మీ సంస్థ నమోదుకు వారాలు పట్టవచ్చు కనుక, లేఖలు సేకరిస్తున్నప్పుడే దాన్ని ప్రారంభించడం మంచిది. ఇప్పటికే ఖర్చయిన సొమ్మును ఎంత వెనకటి తేదీ వరకు ఒప్పుకుంటారో, గ్రాంటు గరిష్ఠ పరిమితి ఎంతో ఆ ఏటి ప్రకటనలో చూసుకున్నాకే బడ్జెట్ పట్టికను ఖరారు చేయాలి.