బోధనాభ్యాసంలో కళావిద్య పీరియడ్: ఛాత్రోపాధ్యాయులకు కొన్ని సూచనలు

డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా) శిక్షణలో భాగంగా ప్రాథమిక పాఠశాలకు వెళ్లే ఛాత్రోపాధ్యాయులు, అంటే శిక్షణలో ఉన్న ఉపాధ్యాయులు, తెలుగు, గణితం పాఠాలకు ఎంతో శ్రమపడి పథకాలు రాసుకుంటారు గానీ, కళావిద్య పీరియడ్ వచ్చేసరికి నల్లబల్ల మీద ఒక బొమ్మ గీసి, దానిని చూసి గీయమనడంతో సరిపెట్టుకుంటారు. నేనూ మొదట అదే చేశాను. మూడో తరగతిలో నల్లబల్ల మీద మామిడిపండు గీశాను. పావుగంటలో ఇరవై ఆరు కాగితాల మీద ఇరవై ఆరు మామిడిపండ్లు, అన్నీ ఒకే వైపు తిరిగిన ముక్కుతో, ఒకే ఒక్క ఆకుతో తయారయ్యాయి. పాఠశాల ఆవరణలోనే మామిడిచెట్టు ఉంది. దాని వైపు ఒక్కరూ తలెత్తి చూడలేదు. చూడవలసిన పని నేను వారికి పెట్టలేదు.

అందువల్ల మొదటగా చెప్పదలచినది ఇది: కళావిద్య పీరియడ్‌లో నల్లబల్ల మీద బొమ్మ గీయకండి. మీరు బొమ్మలు బాగా వేయగలవారైతే ఈ నియమం మరింత కచ్చితంగా పాటించండి. మీ గీత ఎంత చక్కగా ఉంటే పిల్లలు తమ గీతను అంత త్వరగా చెరిపేసుకుంటారు. బొమ్మకు బదులు వస్తువును తరగతిలోకి తీసుకురండి, లేదా తరగతినే వస్తువు దగ్గరకు తీసుకువెళ్లండి.

పాఠ్యపథకంలోనూ ఈ తేడా కనిపించాలి. ఆశించిన ఫలితాల కింద ‘విద్యార్థులు మామిడిపండు గీస్తారు’ అని రాస్తే, పరిశీలనకు వచ్చిన అధ్యాపకులు గీసినవారిని, గీయనివారిని లెక్కపెట్టడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. ‘ఆకు అంచును, ఈనెలను తాకి చూసి, తాము గమనించినదానిని తమ రీతిలో గీస్తారు’ అని రాస్తే దేనిని చూడాలో వారికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 పదో తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి విషయంగా ఉంచాలని సూచించింది కనుక, ఈ పీరియడ్‌ను గణితానికి ఇచ్చేయమని ఎవరైనా అడిగినప్పుడు మీరు మర్యాదగానే కాదనవచ్చు.

ఏ వయసు పిల్లలు ఎలా గీస్తారో ముందే తెలిసి ఉంటే అనవసరమైన దిద్దుబాట్లు చాలా తగ్గుతాయి. కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించిన దశల ప్రకారం సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కాగితం అడుగున ఒక నేలగీత గీసి, మనుషులను, చెట్లను దాని మీద వరుసగా నిలబెడతారు. గోడ ఉన్నా లోపలి మనుషులు కనిపించేలా ఇల్లు వేస్తారు. తమకు ముఖ్యమైనదానిని పెద్దదిగా గీస్తారు. ఇవి తప్పులు కావు. రెండో తరగతి పాప ఒకతె ఇంటికంటే పెద్ద కోడిని గీసింది. ‘కోడి అంత ఉంటుందా?’ అని నోటిదాకా వచ్చిన ప్రశ్నను ఆపుకొని ‘దీని సంగతి చెప్పమ్మా’ అన్నాను. ‘ఇది మా అమ్మమ్మ వాళ్ల పిల్లలకోడి, టీచర్. దగ్గరికి పోతే నన్ను పొడిచింది’ అంది. ఆ తరువాత ఆ బొమ్మలో కొలత విషయంలో నాకు లోపమేదీ కనిపించలేదు.

ఇక సామగ్రి. రంగులు లేవన్నది మన బడులలో తరచుగా వినిపించే మాట గానీ, వంటింట్లో, పెరట్లో ఉన్నవాటితోనే నాలుగైదు రంగులు సిద్ధమవుతాయి. పసుపు, మెత్తగా నూరిన బొగ్గు, జల్లించిన ఎర్రమట్టి, చిక్కుడాకు రసం, బీట్‌రూట్ రసం చాలు. పొడులను పలుచని గంజిలో కలిపితే కాగితానికి పట్టుకుంటాయి. శంఖుపూలను వేడినీటిలో నానబెడితే నీలం వస్తుంది. దానిలో నిమ్మరసం పిండితే ఊదా రంగుకు మారుతుంది, ఆ క్షణంలో తరగతి చేసే గోలకు మీరు సిద్ధంగా ఉండాలి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది గానీ, సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఆ పని మీరే చేసి చూపండి. బొగ్గు, ఎర్రమట్టి తప్ప మిగతా రంగులు కొద్ది వారాల్లో వెలిసిపోతాయని పిల్లలకు ముందే చెప్పడం మంచిది. మైదా జిగురు చెడిపోకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు; అది విషం, పిల్లల తరగతిలో వద్దు, ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకోండి.

కుంచెకు వెదురుపుల్ల చివర గుడ్డపేలిక చుట్టి దారంతో కట్టండి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల కలం కూడా ఈ పద్ధతిలోనిదేనని చెబితే పుల్లకు గౌరవం పెరుగుతుంది. అచ్చులకు అడ్డంగా కోసిన బెండకాయ, అరటి దూట సరిపోతాయి. కోత మీ పని. బంకమట్టిని ముందురోజు నానబెట్టి, రాళ్లు ఏరి, చేతికి అంటుకోనంతవరకు మర్దించి, తడి గోనెపట్టా కప్పి ఉంచితే వారం రోజులు పనికి వస్తుంది.

పీరియడ్ నలభై నిమిషాలే అయినప్పుడు, పంపకానికే పావుగంట పోతే పాఠం అక్కడే చెడుతుంది. ఇంటర్వెల్‌లోనే కాగితాలు, కొబ్బరి చిప్పల్లో రంగులు జట్టుకొకటిగా సర్దండి. చిప్పలు దొర్లిపోకుండా కింద గుడ్డతో చుట్టిన కుదురు పెట్టండి. చివరి ఎనిమిది నిమిషాలు కడగడానికి, తుడవడానికి వదలండి. ‘ట్రైనింగ్ టీచర్’ అనే చనువుతో పిల్లలు మాట వినరని చాలామంది బాధపడతారు గానీ, అల్లరి ఎక్కువగా చేతిలో పని లేని నిమిషాల్లోనే పుడుతుంది.

‘టీచర్, నాకు ఏనుగు రాదు’ అని కాగితం మీ ముందుకు జరిపినప్పుడు పెన్సిల్ అందుకోకండి. ఏనుగు చెవి దేనిలా ఉంటుంది, తొండం ఎంతవరకు వేలాడుతుంది అని అడుగుతూ పోతే, చాటంత చెవి అని వారే చెప్పి వారే గీస్తారు. అప్పటికీ గీయకపోతే మట్టితో చేయమనండి. కాగితానికి జంకే పిల్లలు మట్టికి జంకరు.

ఐదో తరగతికి ముగ్గు మంచి పాఠం. చుక్కల ముగ్గు మీకంటే కొందరు బాలికలకే బాగా వస్తుంది కనుక ఆ రోజు వారిని గురువులను చేసి, సుద్దముక్కలతో వరండాలో వేయించండి. ‘అది ఆడపిల్లల పని’ అన్న మగపిల్లలకు చుక్కలు లెక్కపెట్టి మధ్యగీత ఎక్కడ వస్తుందో కనుక్కునే పని ఇచ్చాను. రెండో ముగ్గుకు సుద్దముక్కల కోసం వారే కొట్లాడుకున్నారు.

మూల్యాంకనంలో బొమ్మకు మార్కులు వేయకండి. బొమ్మ వెనుక పేరు, తేదీతో పాటు పిల్లవాడు దాని గురించి చెప్పిన ఒక వాక్యాన్ని అతని మాటల్లోనే రాసి, ఎవరివి వారికి సంచిలో దాచండి. తరగతి గోడకు పిల్లల కంటి ఎత్తులో దారం కట్టి, ‘బాగున్నవి’ ఏరకుండా అందరివీ వేలాడదీయండి. మీ రికార్డుకు కావలసినవి ఫొటో తీసుకుని, శిక్షణ ముగిసే రోజున సంచులు పిల్లల చేతికి, మిగిలిన మట్టి, కుంచెలు తరగతి ఉపాధ్యాయుని చేతికి అప్పగించండి.