వీడియో సరదాలోంచే ఫిజిక్స్, లెక్కలు, భాష

వీడియోలు తీసే సరదా ఉన్న పిల్లలకి ‘కిరణజన్య సంయోగక్రియ మీద ఒక వీడియో చెయ్యి’ అని చెబితే జరిగేది ఒకటే. పుస్తకంలో పేరా పైకి చదివి, వెనక సంగీతం వేసి, అక్షరాలు ఎగిరేలా చేసి చూపిస్తారు. ఎడిటింగ్ వస్తుంది, పాఠం రాదు. పాఠాన్ని వీడియోకి విషయంగా ఇవ్వకండి. షాట్ తీయడానికి అవసరమయ్యే లెక్కగా ఇవ్వండి. లెక్క తప్పితే షాట్ చెడాలి, అప్పుడు వాళ్లే పుస్తకం తీస్తారు.

దీనికి స్లో మోషన్ మంచి మొదలు. చాలా ఫోన్లు సెకనుకు 120 లేదా 240 ఫ్రేములు (విడివిడి బొమ్మలు) తీస్తాయి. అంటే ఫోన్ ఒక గడియారం కూడా. దాంతో గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతుందో, కొలవొచ్చు.

1. నేల నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తున గోడ మీద గుర్తు పెట్టండి. బంతి అడుగుభాగం ఆ గుర్తుకి సమంగా ఉండాలి, మధ్యభాగం కాదు.
2. చిన్నది, బరువైనది, నున్ననిది వాడండి. టేబుల్ టెన్నిస్ బంతిని గాలి అడ్డుకుంటుంది.
3. ఫోన్‌ని 2-3 మీటర్ల దూరంలో స్టాండ్ మీద పెట్టండి. వేళ్లూ నేలా రెండూ ఫ్రేములో ఉండాలి. పగటి వెలుతురులోనే తీయండి. 240 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే సమయం సెకనులో 240వ వంతుకి మించదు కాబట్టి గదిలో చీకటిగా వస్తుంది. పైగా కరెంటు దీపాలు మినుకుమినుకుమనడం కనిపిస్తుంది.
4. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో తెరిచి, కీబోర్డు మీద ఇంగ్లీషు ‘E’ అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. వేళ్లు వదిలిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి.

ఫ్రేముల సంఖ్యని 240తో భాగిస్తే కాలం. ఎత్తుని రెండుతో గుణించి ఆ కాలం వర్గంతో భాగిస్తే త్వరణం. 108 ఫ్రేములు వస్తే 9.88, 109 వస్తే 9.70. పుస్తకంలో 9.8 ఆ రెంటి మధ్యే ఉంది. ఇక్కడితో ఆపకండి. ఇదే బంతిని మామూలు 30 ఫ్రేముల వేగంతో తీయించండి. 13 ఫ్రేములు లెక్కకొస్తే 10.65, 14 వస్తే 9.18! ఒక్క ఫ్రేము తేడా జవాబుని ఇంత ఎందుకు ఊపేసింది? కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి కాలంలో ఒక శాతం తప్పు, జవాబులో సుమారు రెండు శాతం అవుతుంది. కొలతల్లో దోషాల పాఠం నల్లబల్ల మీద బోధించినా ఇంత బాగా ఎక్కదు.

జవాబు మరీ తేడాగా వస్తే రెండు చోట్ల చూడండి. వేళ్లకి తడి ఉంటే బంతి అంటుకుని ఆలస్యంగా విడుతుంది. లేదా ఫోన్ చెప్పిన వేగంతో తీయడం లేదు. కొన్ని ఫోన్లలో వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మారుతుంది. ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుపుతూ దాన్ని తీసి, ఒక సెకనులో ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెడితే నిజం బయటపడుతుంది.

తర్వాత ధ్వని. ఒకరు 68 మీటర్ల దూరాన నిలబడి రెండు చెక్క ముక్కలు తలమీదికెత్తి కొట్టాలి, ఇంకొకరు జూమ్ చేసి 60 ఫ్రేముల వేగంతో తీయాలి. చెక్కలు కలిసిన సుమారు 12 ఫ్రేములకి శబ్దం వస్తుంది. 12ని 60తో భాగిస్తే 0.2 సెకను, 68ని దాంతో భాగిస్తే 340. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, వేడి గాలిలో ఇంకొంచెం ఎక్కువ. ఫోన్‌లోనే బొమ్మకీ శబ్దానికీ చిన్న తేడా ఉండొచ్చు కనుక, ముందు ఒక మీటరు దూరంలో చెక్కలు కొట్టి తీసి, ఆ తేడాని తీసెయ్యాలి. ఈ పని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

జీవశాస్త్రానికి టైమ్‌లాప్స్, అంటే ఆగి ఆగి తీసిన ఫోటోలని కలిపి చేసే వీడియో. చిక్కుడు గింజని గాజుకీ తడి దూదికీ మధ్య నిలబెట్టి మూడు రోజులు తీయాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల వీడియో కావాలంటే 240 ఫోటోలు. మూడు రోజులంటే 4,320 నిమిషాలు, కాబట్టి 18 నిమిషాలకో ఫోటో. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చెయ్యండి. కిటికీ మూసి ఒకే దీపం రాత్రీపగలూ వెలగనివ్వండి, లేకపోతే వీడియో మెరుస్తూ ఆరుతూ ఉంటుంది. వేరు బయటికొచ్చాక గాజుని 90 డిగ్రీలు పక్కకి తిప్పి ఉంచితే, వేరు మళ్లీ కిందికి వంగుతుంది. గురుత్వానువర్తనం అంటే అదే. దూది ఆరిపోతే షాట్ అక్కడితో సరి.

‘ఫోన్ నిండిపోయింది’ అన్న రోజు లెక్కలకి మంచి రోజు. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేము అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కోదానికి 3 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు. నిమిషానికి సుమారు 11.2 గిగాబైట్లు! అదే వీడియో సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున దాచుకుంటే నిమిషానికి 120 మెగాబైట్లే. 90 రెట్లకి పైగా కుదింపు ఎలా కుదిరింది? పక్కపక్క ఫ్రేములు చాలావరకు ఒకటే, కాబట్టి ఎక్కువగా మారిన భాగాలే దాచుకుంటే చాలు. అందుకే ఆకులు ఊగే షాట్ గడులు గడులుగా చెదురుతుంది, గోడ షాట్ చెదరదు. బిట్టుకీ బైటుకీ తేడా (8 బిట్లు ఒక బైటు) మరిచిపోతే లెక్క మొత్తం తలకిందులే.

భాషకి స్క్రిప్టు చాలు. రాసింది పైకి చదివించి సమయం చూడండి, 90 సెకన్లకి తగ్గించమనండి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘బంతి గోడకి తగిలి వెనక్కి వచ్చింది’ అనే లోపు తెర మీద బంతి ఎప్పుడో వచ్చేస్తుంది. కాబట్టి వాక్యం చిన్నది చెయ్యాలి, లేదా షాట్‌ని కాస్త ఆలస్యంగా కత్తిరించాలి. ఇంగ్లీషు స్క్రిప్టు అనువదిస్తే ఈ ఇబ్బంది రెట్టింపు. సబ్‌టైటిళ్లు వాళ్ల చేతే టైపు చేయించండి, దీర్ఘాలూ వత్తులూ అక్కడ దొరికిపోతాయి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో వత్తులు విడిపోయి కనబడతాయి. నోటో శాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే, అక్షరాలని బొమ్మగా తయారుచేసి వీడియో మీద అతికించడమే దారి.

చరిత్ర వీడియోలకి ఒక్క నియమం: వాడిన ప్రతి ఫోటోకి ఎవరు తీశారు, ఏ సంవత్సరం, ఏ లైసెన్సు అని మూడు విషయాలు నోట్‌బుక్కులో ఉండాలి. దొరకనిది వాడకూడదు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయని వరుస ఫోటోలతో చూపించాడు. స్లో మోషన్ వచ్చిన పిల్లలు కుక్క పరుగు తీసి అదే చూసుకోవచ్చు.

ఈ పద్ధతి అన్నిటికీ రాదు. రసాయన సమీకరణాలు తుల్యం చేయడం, త్రికోణమితి సూత్రాలు, వ్యాకరణం అభ్యాసాలు కాగితం మీద చెయ్యాల్సిందే. ఒక వీడియోకి ఒక్క ప్రశ్నే పెట్టండి. ముందుగా అంచనా రాయించి, తర్వాత కొలిచింది పక్కన రాయించండి. ఎఫెక్టులు, టైటిళ్లు కొలతలు పూర్తయ్యాకే. లేకపోతే సాయంత్రం మొత్తం వాటికే పోతుంది. మేడ మీంచి వస్తువులు వదలడం, ఇతరుల మొహాలు అడక్కుండా తీయడం మాత్రం మొదటిరోజే వద్దని చెప్పండి.