పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టనంటే ఏం చేయాలి?

"చూద్దాంలే, రేపు రండి" అన్న మాటతో ఎన్నో ఫిర్యాదులు స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతాయి. నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలని చట్టంలో ఉంది. కానీ చెప్పామనీ, వాళ్లు రాసుకోలేదనీ తర్వాత రుజువు చేయడం కష్టం. అందుకే మొదటిరోజు నుంచే చేతిలో కాగితం ఉండాలి.

ముందు మీది కాగ్నిజబుల్ నేరమో కాదో చూసుకోండి. అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగినది: దోపిడీ, కిడ్నాప్, అత్యాచారం వంటివి. ఇలాంటి నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫిర్యాదు నిజమో కాదో దర్యాప్తులో తేలాల్సిందే తప్ప, నమోదుకు ముందే కాదు. స్వల్ప గాయం లాంటి నాన్-కాగ్నిజబుల్ గొడవలకు దారి వేరు: డైరీలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపుతారు. అక్కడ ఎఫ్‌ఐఆర్ కోసం పట్టుబడితే కాలం వృథా.

ఫిర్యాదును స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట తెలుగులోనే రాయండి. తేదీ, సమయం, చోటు, ఎవరు ఏం చేశారు, ఎవరు చూశారు, ఏం పోయింది అన్నవి వరుసగా ఉండాలి. ఆలస్యమైతే కారణం రాయాలి, లేకపోతే రేపు కోర్టులో ఎదుటి వకీలు పట్టుకునేది దాన్నే. సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై తేదీతో సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకోండి. ఎఫ్‌ఐఆర్ కడితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి.

"మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టేది, అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. "విచారించి చూస్తాం" అన్న మాటకూ హద్దుంది. మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ ముందస్తు అనుమతితో ప్రాథమిక విచారణ చేయవచ్చు, అదీ 14 రోజుల్లో ముగించాలి. అనుమతి తీసుకున్నారా అని అడగండి.

అప్పటికీ కట్టకపోతే 173(4) కింద ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. కమిషనరేట్ అయితే డీసీపీకి. రసీదు, ట్రాకింగ్ ప్రింటు భద్రపరచండి, తర్వాతి మెట్టు ఎక్కేది వాటితోనే.

ఆ మెట్టు బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద మేజిస్ట్రేటు కోర్టు. దరఖాస్తుకు అఫిడవిట్ జతచేయాలి. 2015లో ప్రియాంకా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన ఈ షరతు ఇప్పుడు చట్టంలోనే చేరింది. స్టేషన్‌కీ ఎస్పీకీ ముందే వెళ్లినట్టు చూపించకపోతే దరఖాస్తు కొట్టేసే ప్రమాదముంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇవన్నీ దాటేసి నేరుగా హైకోర్టులో రిట్ వేయడమూ తెలివైన పని కాదు. ముందు మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లాలని 2007లో సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అత్యాచారం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి నేరాల సమాచారాన్ని నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన కారాగారం, జరిమానా పడవచ్చు. ఎస్పీకి రాసే లేఖలో ఈ సెక్షన్ తప్పకుండా ప్రస్తావించండి.